చిన్న కేసు

ఖాతూన్‌బీ నడుముకు వేలాడే తాళంచెవి కదిలిందంటే గోడ మీది బల్లి కూడా ఒళ్ళు సర్దుకుని కూర్చుంటుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో కూడా అంత కట్టుదిట్టం ఉండదు. ఆ తాళంచెవి తెరిచేది ఒక ఇనుప బీరువాను. అందులో ఆమె పెళ్ళినాటి చీరలు, కొడుకుల చిన్నప్పటి జరీ టోపీలు, ఇంటి పత్రాలు, కలరా ఉండలు ఉన్నాయి. వాటన్నిటి అడుగున, పాత శాలువాలో చుట్టి, కోడలు జువేరియా ఇన్నేళ్ళ కష్టం ఉంది. కష్టమంటే నగలు కాదు, హార్డు డిస్కులు.

జువేరియా పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు వీడియో తీస్తుంది. ముసుగులు తీసి కూర్చునే చోటికి, పసుపు పూసే చోటికి, ఢోలక్ కొట్టి ఒకరినొకరు ఆడిపోసుకునే పాటలు పాడే చోటికి మగ వీడియోవాళ్ళను రానివ్వరు. ఆమె ఒక్కతే తీస్తుంది. ఇంటికొచ్చి తన గదిలో ఆమె ఒక్కతే కోసి అతికిస్తుంది. పెళ్ళికూతురి తల్లికి ఒకటే మాట ఇస్తుంది: మగ కన్ను పడదు. ఆ మాట మీదే ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా ఆమెను పిలుస్తున్నారు. ఆమె పెట్టుబడి కెమెరా కాదు, ఆ మాటే.

బుధవారం పొద్దున పులివెందుల నుంచి మైమూన్ తల్లి ఫోన్ చేసింది. మైమూన్ పెళ్ళికి కువైట్‌లో ఉన్న అక్కకు సెలవు దొరకలేదట. చెల్లెలి పెళ్ళి చూడాలని ఆ పిల్ల అక్కడ అన్నం మానేసి కూర్చుందట, వీడియో త్వరగా పంపమని అడిగింది. జువేరియా సరేనని అత్త దగ్గరికి పోయింది.

బీరువా తెరవడానికి ముందు ఖాతూన్‌బీ అడిగే ప్రశ్నలు కువైట్ వీసాకు కూడా అడగరు. ఎందుకు, ఎవరిది, మొన్ననే కదా తీసింది, మళ్ళీ ఎప్పుడు పెడతావు. అన్నీ అయ్యాక తస్బీ పూసలు ఒక చుట్టు పూర్తి చేసింది, నీళ్ళు తాగింది, మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి లేచింది. శాలువాలోంచి ఒక డిస్కు తీసి ఇచ్చింది. దాని మీద జువేరియా అతికించిన పట్టీ లేదు. జిగురు మరక మాత్రం ఉంది.

కంప్యూటర్‌కు తగిలించి చూస్తే మైమూన్ లేదు. పెళ్ళే లేదు. వరసగా సినిమాలున్నాయి, అన్నీ నరుక్కోవడాలవి.

మరిది అక్రమ్ మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్నాడు. అడిగితే లేచి కూర్చోకుండానే చెప్పాడు. ఖాళీ డిస్కు అనుకున్నాడట, అమ్మీని అడిగే తీసుకున్నాడట. ఖాతూన్‌బీ కల్పించుకుని, పేరు రాసి పెట్టుకోని దానిదే తప్పని తీర్పు చెప్పింది. మామ అబ్దుల్ సత్తార్ పేపర్ తిప్పాడు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ అక్కడే ఉండే మొగుడు నయీంకు ఫోన్ చేస్తే, మిషన్ల హోరులో సగం విని, పోనీలే అన్నాడు. అంతటితో ఆ ఇంటి న్యాయస్థానం లేచిపోయింది. జువేరియా పోయి మధ్యాహ్నానికి వంకాయలు కోసింది.

కోస్తూ ఆలోచించింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఆమె చదివింది కంప్యూటర్లే. చెరిపేసింది నిజంగా పోదు. దాని మీదికి కొత్తది ఎక్కిన మేరకే పోతుంది, ఎక్కని మేర అడుగున అలాగే పడి ఉంటుంది. అక్రమ్ సినిమాలు సగం డిస్కునే తిన్నాయి. మిగతా సగాన్ని పైకి లాగవచ్చు, కానీ లాగి పోసుకోవడానికి వేరే చోటు కావాలి. అంగడికి ఇచ్చి తీయించడానికి లేదు, అక్కడ మగవాళ్ళుంటారు. ఇకముందు కూడా ప్రతి పెళ్ళీ రెండు చోట్ల ఉండాలి. అవి శాలువాలో ఉండకూడదు. తన గదిలో ఒక పెట్టె, అందులో నాలుగు డిస్కులు, పెట్టెకు తాళం, తాళంచెవి తన దగ్గర.

వంకాయ ముక్కలు నీళ్ళలో వేసి గదిలోకి పోయి చోటు చూసింది. ఆ గదిలో జువేరియాకు రాసిచ్చిన రాజ్యం ఒక గోడ గూడు. మంచం నయీం అత్తగారింటి నుంచే వచ్చినా నయీంది. బల్ల మీద కంప్యూటర్ ఉంది, కింద అత్త బియ్యం మూటలున్నాయి. కాబట్టి గూడే. అడ్డంగా జాన పెట్టి కొలిచింది, నిలువునా కొలిచింది, లోపలికి మోచెయ్యి పెట్టి చూసింది. మోచెయ్యి అంతా పోయింది, వేళ్ళు గోడకు తగిలాయి. వెనక తీగలకు, గాలికి నాలుగు వేళ్ళ సందు వదిలితే మిగిలిందే పెట్టె కొలత. నాలుగు డిస్కులు, వాటిని నడిపే చిన్న బోర్డు, కరెంటు ఇచ్చే డబ్బా, ఫ్యాను, ఇవన్నీ ఆ మోచేతిలో సర్దుకోవాలి. ఆమె ఈ ఇంట్లో సర్దుకున్నట్టే.

గాంధీ రోడ్డులో కంప్యూటర్ అంగడి లోకనాథ్‌ను అడిగితే ఆమె ఫోన్‌కు ఫోటోలు పంపాడు. ఒకటి మరీ పొడుగు. ఇంకొకటి ముద్దుగా ఉంది, రెండు డిస్కులే పడతాయి. మూడోది పక్కన అద్దం పెట్టి, లోపల రంగురంగుల లైట్లతో పీర్ల చావిడిలా వెలుగుతోంది. అది గూట్లో పెడితే వీధిలోని వాళ్ళు వచ్చి చక్కెర చదివింపులు పెట్టిపోతారు. పైగా వీటన్నిటినీ ప్రొద్దుటూరులో క్యాబినెట్ అంటారు. క్యాబినెట్ అన్నప్పుడల్లా లోకనాథ్‌కు పెద్దదే కళ్ళ ముందు నిలబడుతోంది. ఆమె చూసిన సైటులో చిన్నవాటిని కేసులన్నారు. తేడా తెలియడానికి తానూ అదే మాట వాడదామనుకుంది. ఆ ఇంటి చరిత్రలో ఇంత చిన్న నిర్ణయం ఇంత దూరం పోయింది లేదు.

సాయంత్రం చపాతీ పిండి కలుపుతుండగా లోకనాథ్ ఫోన్ చేశాడు. చేతులకు పిండి. ఫోన్‌ను ఉప్పు జాడీకి ఆనించి స్పీకర్ పెట్టింది. వెనక గడప మీద ఖాతూన్‌బీ వెల్లుల్లి ఒలుస్తోంది.

"అన్నా, నువ్వు ఆ క్యాబినెట్టు మాట మర్సిపో. నాకు కేసు గావాల. చిన్న కేసు."

"చిన్న కేసంటే శానా తిప్పలక్కా. పెద్ద కేసైతే సులువు."

"పెద్దది వద్దు. ఈ ఇంట్లోనే పెట్టాల, బయటోళ్ళకు తెలీకుండా."

"లోపల ఎన్ని ఎయ్యాల?"

"నాలుగు. నాలుగూ లోపలే ఉండాల. ఒకటి సచ్చినా కడమ మూడు నిలబడాల."

"నాలుగిటిని ఒకే తావ కుక్కితే ఊపిరాడదక్కా. ఉడికి సస్తాయి."

"గాలాడేది సూడు. తాళం మాత్రం గట్టిగుండాల. తాళంచెవి నాకాడే ఉంటాది, ఇంగెవరికీ ఇయ్యను."

"ఉండాదొకటి. బెంగుళూరు నుంచి రావాల. ఈ కేసుకైతే మూడేండ్లు గ్యారంటీ."

"మూడేండ్లు సాలన్నా. పెట్టేయ్."

వెనక ఏదో దొర్లింది. తిరిగి చూస్తే వెల్లుల్లి గిన్నె బోర్లా పడి ఉంది. ఖాతూన్‌బీ లేదు.

ఖాతూన్‌బీది ఉర్దూ ఇల్లు. తెలుగు ఆమెకు సంతలో వచ్చింది. ఆ తెలుగులో వస్తువులకు నాలుగు, మనుషులకు నలుగురు అనే తేడా లేదు. టెంకాయలు ముగ్గురు ఇయ్యమంటుంది, నాకు కొడుకులు రెండు అంటుంది. కేసు అంటే ఆమెకు ఒకటే కేసు తెలుసు, కోడళ్ళు పెట్టేది. కోడలిని తీసేసి ఇంట్లో ఎంతమందో వేళ్ళ మీద లెక్కేసుకుంది. తాను, మొగుడు, పెద్దకొడుకు, చిన్నకొడుకు. నాలుగు. నాలుగూ లోపలికి. మూడేండ్లు గ్యారంటీ. ఒకటి సచ్చినా పర్వాలేదంట.

ఈ లెక్క సంగతి జువేరియాకు ఆదివారం దాకా తెలియలేదు.

గురువారం పొద్దున ఆమె లేచేసరికి టీ కాచి ఉంది. ఆ ఇంట్లో ఆమె రాకముందు టీ ఎవరు కాచేవాళ్ళో చరిత్ర చదివినవాళ్ళు కూడా చెప్పలేరు. ఖాతూన్‌బీ కప్పును రెండు చేతులతో పట్టుకొచ్చి బేటీ అంది. ఆ మాట నిఖా రోజు ఒకసారి వాడి దాచిపెట్టినది. మధ్యాహ్నం కూరలో మూలుగ బొక్క జువేరియా అన్నం తట్టలోకి నడిచొచ్చింది. అక్రమ్ తన తట్ట తానే కడగాలని పూనుకున్నాడు. పద్ధతి తెలియక దాన్ని కొళాయి కింద పెట్టి, అదే శుభ్రమవుతుందని కాసేపు నిలబడి ఎదురుచూశాడు. అడగకుండానే బీరువా తెరిచి డిస్కులన్నీ శాలువాతో సహా తెచ్చి మంచం మీద పెట్టారు.

జువేరియాకు అనుమానం వచ్చింది. తనకేదో పెద్ద జబ్బు ఉందని డాక్టరు వీళ్ళకు చెప్పి తనకు చెప్పలేదేమో అనుకుంది. అద్దంలో నాలుక చాపి చూసుకుంది, కనురెప్ప కిందికి లాగి చూసుకుంది. బాగానే ఉంది.

ఇంకొకటి కూడా గమనించింది. మర్యాద పెరిగేకొద్దీ వీధి గుమ్మం దూరమవుతోంది. లోకనాథ్ అంగడికి పోయి పెట్టెను కళ్ళతో చూసొస్తానంటే, ఈ ఎండలో నీకెందుకు బేటీ, ఏం కావాలో చెప్పు తెప్పిస్తామని సత్తార్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పేపర్ చదివేది వీధి చివర టీ అంగట్లో. ఆ రోజు నుంచి గుమ్మంలోనే, ఒకే పేపర్, సాయంత్రం దాకా. ఆమె మిద్దె ఎక్కితే ఖాతూన్‌బీ మోకాళ్ళ నొప్పులతో సహా వెనకే ఎక్కింది. స్నానాల గదిలోకి పోతే బయట నిలబడి, ఉండావా బేటీ అని నీళ్ళ చప్పుడు మీదుగా అడిగింది. బీరువా తాళం తెరుచుకుంది గానీ వీధి తలుపు గడియ పగలు కూడా పడింది. ఇంతకు ముందు కనీసం కరివేపాకుకు బయటికి పంపేవాళ్ళు.

శుక్రవారం ఆమె ఒక బిస్కెట్ల అట్టపెట్టెను లోకనాథ్ చెప్పిన కొలతలకు కోసి, దారంతో కట్టి, గూట్లో పెట్టి చూసింది. ముందరి తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, లేకపోతే డిస్కు బయటికి లాగడం కుదరదు. అట్టకే ఒక తలుపు కోసి తెరిచింది. గూటి అంచుకు తగిలింది. పెట్టెను రెండు వేళ్ళు ముందుకు జరిపింది. ఇప్పుడు తెరుచుకుంది. వెనక చెయ్యి పెట్టి గాలి సందు తడిమి చూసుకుంది. చిన్న ఫ్యాన్లు రెండుంటే గోల ఎక్కువ, పెద్దది ఒక్కటుంటే నిదానంగా తిరుగుతుంది, నయీంకు నిద్ర చెడదు. అది కూడా ఆలోచించింది. ఫోన్ తీసి గూటిని ఫోటో తీసింది, పక్కన కరెంటు ప్లగ్గును, బల్ల కింద బియ్యం మూటలను, ఇంట్లో వేరే చోటు లేదని చూపడానికి తెరిచి ఉన్న బీరువాను కూడా. లోకనాథ్‌కు పంపింది.

తలుపు సందులోంచి ఖాతూన్‌బీ అంతా చూసింది. కోడలు బీరువాను ఫోటో తీసిందని మొగుడికి చెప్పింది. సాక్ష్యం తయారవుతోందని ఇద్దరికీ అర్థమైపోయింది. శనివారం సత్తార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుమ్మంలో కుర్చీని అక్రమ్‌కు అప్పగించి, జమ్మలమడుగు బస్సెక్కాడు. అక్కడ ఆయనకు తెలిసిన వకీలు గుమాస్తా ఒకడున్నాడు. తిరిగొచ్చేటప్పుడు జువేరియాకు పాలకోవా తెచ్చాడు. ఆయన పెళ్ళాం కోసం కూడా ఎన్నడూ పాలకోవా తెచ్చినవాడు కాదు. ఆ రాత్రి భోజనాల వేళకు నయీం ఫ్యాక్టరీలో సెలవు పెట్టి దిగాడు. ఆమె ముఖం చూడలేదు. అడిగితే, తలనొప్పి అన్నాడు.

మైమూన్ తల్లి మళ్ళీ రెండుసార్లు ఫోన్ చేసింది. జువేరియా ఒకసారి ఎత్తి అబద్ధం చెప్పింది, ఒకసారి ఎత్తలేదు. చెరిగిన డిస్కును దిండు గలేబులో పెట్టుకుని దాని మీదే తల పెట్టుకుంది. మైమూన్ ఆ రోజు పసుపు ముఖంతో నవ్వుతూ, ఇది ఎవరికీ చూపించవు కదా అక్కా అని అడిగింది. చూపించనని కెమెరా వెనక నుంచి తాను అన్న మాట కూడా ఆ డిస్కులోనే రికార్డయి ఉంది. అది మిగిలిన సగంలో ఉందో, పోయిన సగంలో ఉందో.

ఆదివారం నాష్టా అయ్యాక సత్తార్ అందరినీ హాల్లో కూర్చోబెట్టాడు. చాపలు కాదు, కుర్చీలు. జువేరియాకు కూడా ఒక కుర్చీ వేశారు, అదీ ఫ్యాను కింద.

"జువేరియా, నీకేం గావాలో సెప్పు తల్లీ," అన్నాడు సత్తార్. "కేసు మాత్రం ఎనక్కి తీసుకో."

తాను ఇంట్లో చెప్పకుండా పెట్టె తెప్పిస్తున్న సంగతి బయటపడిందని ఆమె అనుకుంది. అబ్బా అని పిలిచే మామ ముందు తల దించుకోలేదు.

"ఎనక్కి తీసుకోరు అబ్బా. ఆర్డరు గూడా అయిపాయ."

"ఆర్డరు అయిపాయనా?"

"ఆ పొద్దే. ఈ పొద్దో రేపో ఇంటికే వస్తాది."

నయీం రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఖాతూన్‌బీ తస్బీ పూసలు అల్లాను దాటి పరుగెత్తాయి. అందరికంటే ముందు కూలిపోయింది అక్రమ్.

"భాభీ, సినిమాలు ఎక్కిచ్చింది నేనే. ఎక్కిచ్చకముందు రొంత సూస్తి. పాటలు పాడేది మాత్రమే సూస్తి. అల్లా తోడు, ఎవరికీ సూపియ్యల్యా."

జువేరియా కుర్చీ చేతిని పట్టుకుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"వాన్ని అనొద్దు," అంది ఖాతూన్‌బీ నేలకేసి చూస్తూ. "పట్టీ ఉన్నింది. నేనే పీకితి. ఖాళీదని వానికి నేనే సెప్తి. ఎప్పుడు సూసినా డిస్కు డిస్కు అంటాంటివి, ఒకటి పోతే నోరు మూసుకుంటావనుకుంటి."

ఇది కూడా తెలియదు.

నయీం గొంతు సవరించుకుని, ఏ స్టేషన్‌లో పెట్టిందో చెప్పమని అడిగాడు. జమ్మలమడుగు గుమాస్తా స్టేషన్ పేరు తెలిస్తే ఏదో ఒకటి చూస్తానన్నాడట.

అప్పుడు ఆమెకు తెలిసింది. టీ, మూలుగ బొక్క, పాలకోవా, గుమ్మంలో కుర్చీ, అన్నీ ఒక్క దెబ్బకు అర్థమయ్యాయి. నవ్వు గొంతు దాకా వచ్చింది. ఒక్క మాట చెబితే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. చెప్పబోయింది. కానీ సత్తార్ ఇంకా ముగించలేదు.

"ఆ దిల్షాద్‌బీ సంగతి గూడా రాసినావా అందులో?" అన్నాడు.

జువేరియా నోరు మూసుకుంది. దిల్షాద్‌బీ ఎవరో ఆమెకు తెలియదు.

"మీరే సెప్పండి అబ్బా."

ఆయన చెప్పాడు. దిల్షాద్‌బీ జమ్మలమడుగులో బ్యూటీ పార్లర్ నడుపుతుంది, పెళ్ళికూతుళ్ళను తయారుచేస్తుంది. రంజాన్‌కు ముందు ఈ ఇంటికి వచ్చింది. పార్లర్ మీద ఒక గది ఉంది, ఆడవాళ్ళ వీడియో పని మొత్తం మీ కోడలే చూసుకోవాలి, వారంలో కొన్ని రోజులు వచ్చిపోతే చాలు అని అడిగింది. మా కోడలికి ఇష్టం లేదని ఆయన చెప్పి పంపాడు.

"నువ్వు పక్క గదిలోనే ఉంటివి," అన్నాడు సత్తార్. "ఇస్త్రీ సేస్తాంటివి. అంతా వినింటావనుకుంటి."

నయీం తనకు ఆ రోజే తెలుసన్నాడు. అన్నాక, అనకుండా ఉండాల్సిందేమో అన్నట్టు తండ్రి వైపు చూశాడు.

జువేరియా నలుగురి ముఖాలూ వరసగా చూసింది. ఆమె దగ్గర ఉన్న ఫిర్యాదు ఒక డిస్కు అంత. వాళ్ళ దగ్గర ఉన్నది గోడ గూట్లో పట్టేలా లేదు. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. బుధవారం నుంచి ఇంత భయపడ్డారు, వకీలు దాకా పోయారు, అయినా కేసు ఎందుకు పెట్టావని ఈ నలుగురిలో ఒక్కరూ అడగలేదు.

వీధి తలుపు తట్టారు. ఖాతూన్‌బీ కళ్ళు మూసుకుని కలిమా చదవడం మొదలుపెట్టింది. గడియ తీయడానికి అక్రమ్‌కు చేతులు రాలేదు. జువేరియానే లేచి తీసింది. కొరియర్ అతను ఒక అట్టపెట్టె చేతికిచ్చి, ఫోన్ అద్దం మీద వేలితో సంతకం చేయించుకుని పోయాడు.

ఆమె పెట్టెను హాలు మధ్యన పెట్టి, టేపు కోసి, పై అట్టలు తెరిచింది. తెల్లటి థర్మోకోల్ మధ్యన నల్లటి ఇనుప డబ్బా. ముందర చిన్న తలుపు, తలుపుకు తాళం.

"ఇదే అబ్బా కేసు. కంప్యూటర్ది. నాలుగు డిస్కులు పడతాయి."

ఖాతూన్‌బీ వంగి డబ్బాను ఒక వేలితో తాకింది, కరుస్తుందేమోనన్నట్టు. ఇదా అంది. ఇదేనా నాలుగు అంది. నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి పైటకొంగుతో కళ్ళు తుడుచుకుంది. సత్తార్ తొడ మీద చరుచుకున్నాడు. అక్రమ్ అందరికంటే గట్టిగా, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు నవ్వాడు. ఇన్ని రోజులు బిగపట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలితే హాల్లో క్యాలెండర్ ఊగింది. నయీం తలనొప్పి తగ్గిపోయింది. సత్తార్ గుమ్మంలో కుర్చీని మడిచి గోడకు ఆనించాడు. ఖాతూన్‌బీ నడుము దగ్గర తాళంచెవిని తడిమి చూసుకుని, మెట్టెల కాళ్ళు చాపుకుని, జువేరియా, నాలుగు కప్పులు టీ పెట్టు అంది. బేటీ అనలేదు.

జువేరియా లేవలేదు. ఆ కుర్చీలోనే కూర్చుని, ఒళ్ళోంచి ఫోన్ తీసింది.

"అబ్బా, ఆ దిల్షాద్‌బీ నెంబరు సెప్పండి."

సత్తార్ నవ్వు సగంలో ఆగింది. యా దిల్షాద్‌బీ అనబోయాడు. పెళ్ళాం వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. చెప్పింది తానే.

"మైమూన్ పెండ్లిని సగమన్నా బయటికి తియ్యాల," అంది జువేరియా. "ఆడ తీస్తా. ఈ డబ్బా ఈడ పెట్టను."

నయీం అక్రమ్ వైపు చూశాడు. అక్రమ్ తన కాలి బొటనవేలిని పరిశీలిస్తున్నాడు. ఖాతూన్‌బీ చాపిన కాళ్ళు మెల్లగా ముడుచుకుంది. ఆమె గొంతు మళ్ళీ సన్నబడింది.

"కేసు ల్యాదంటివి గదా బేటీ?"

జువేరియా థర్మోకోల్‌లో ఉన్న డబ్బా వైపు ఒకసారి చూసింది.

"ల్యాదు అమ్మీ. ఇంగా పెట్టల్యా."

సత్తార్ జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు, ఫోన్‌ను దూరంగా పట్టుకుని పేర్లు కిందికి జరిపాడు, ఒకచోట ఆగాడు.

"తొమ్మిది," అన్నాడు.

ఆమె తొమ్మిది నొక్కింది.